పాత ఇత్తడి పద్దు

మా మేనమామ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. సాయంత్రం చిట్టా మూసేముందు ఎర్రసిరాతో కింద రెండు గీతలు గీసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ "సరిపోయింది" అంటాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే మాట, అదే గొంతు. ఇస్త్రీ గది ఆడవాళ్ళు ఆయనకు "సరిపోయింది గారు" అని పేరు పెట్టేశారు. ఎదురుగానే పిలుస్తారు కూడా. ఆయనకు కోపం రాదు. మా కుటుంబంలో కోపమంతా నా వాటాకే వచ్చింది.

అలాంటి మనిషి జీవితం మొత్తంలో ఒక్కటంటే ఒక్క అబద్ధపు పద్దు రాశాడు. అది సూటిగా వచ్చి మా నాన్న ప్రాణం మీద కూర్చుంది. ఆ సంగతే చెబుతున్నాను.

మాది ఆవిరి లాండ్రీ. మాది అంటే మేం పనిచేసేది, యజమానిని నేను రెండుసార్లు కూడా చూడలేదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు మూటలుగా వస్తాయి. ఉతికి, వేడి రోలర్ల మీద ఆరబెట్టి, మడతపెట్టి పంపిస్తారు. ఎనభై మందికి అదే కూడు. అంతా నడిచేది వెనక షెడ్డులో ఉన్న బాయిలర్ ఆవిరితో. ఆ బాయిలర్ చూసుకునేది మా నాన్న. మామయ్య ముందు గదిలో గుమాస్తా. రెండు నెలల నుంచి మామయ్య పక్క కుర్చీలో నేను.

అంతకుముందు బట్టల కొట్టులో పదేళ్ళు నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో లెక్కలు నేర్చుకుంటానంటే అందరూ నవ్వారు. "ముసలితనంలో ముద్దులాటలా?" అంది మా అమ్మ. మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయనా అలా వచ్చినవాడే. పంతొమ్మిదేళ్ళకు ఈ లాండ్రీలోనే మూటలు కట్టే పనిలో చేరి, సాయంత్రం తరగతులకు వెళ్ళి, చెయ్యి తిరిగేదాకా చిత్తు కాగితాల వెనక పద్దులు రాసి, గుమాస్తా అయ్యాడు.

మొదటి రోజు ఆయన చెప్పిన పాఠం ఇది. "చూడమ్మాయ్, డబ్బు ఊరికే రాదు, ఊరికే పోదు. ఒక చేయి ఇచ్చిందంటే ఇంకో చేయి పుచ్చుకుని ఉండాలి. అందుకే ప్రతిదీ రెండుచోట్ల రాస్తాం. ఒకటే ఉండి రెండోది కనపడలేదనుకో, ఎక్కడో ఎవడో అబద్ధమాడుతున్నాడని అర్థం."

"ఇదంతా యజమాని కోసమేగా? ఆయన సొమ్ము, ఆయన బాధ" అన్నాను.

"యజమాని ఒక్కడే కాదే పిచ్చిదానా. ఈ పుస్తకం చూసే బ్యాంకువాడు అప్పిస్తాడు. ఇది చూసే పన్నువాడు పన్ను వేస్తాడు, బీమావాడు సంతకం పెడతాడు. నీ బోనసు ఎంతో ఇదే చెబుతుంది. వాళ్ళెవరూ మన షెడ్డులోకి వచ్చి చూడరు. మన కళ్ళతోనే చూస్తారు. మన కళ్ళకు పొర కమ్మితే ఊరంతా గుడ్డిదే" అన్నాడు.

చాదస్తం అనుకున్నాను. కానీ పనివాళ్ళకు ఆయన పుస్తకమంటే ఎందుకంత నమ్మకమో తరవాత తెలిసింది. ఎనిమిదేళ్ళ కిందట నలభై దుప్పట్లు మాయమయ్యాయని లెక్కింపు గదిలో పనిచేసే ఒకావిడ మీద దొంగతనం మోపారు. ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చింది. మామయ్య మూడు రోజులు పుస్తకాలు తిరగేసి, ఆ నలభై దుప్పట్లు అసలు ఆసుపత్రి గడప దాటనే లేదని వాళ్ళ చీటీతోనే చూపించాడు. ఆవిడ ఇప్పటికీ అక్కడే దుప్పట్లు లెక్కపెడుతోంది. ఆ రోజు నుంచి, సరిపోయింది గారు రాశారంటే ఇక దానికి తిరుగులేదని అక్కడ అందరి మాట. అందరికంటే గట్టిగా అనేది మా నాన్న.

నాన్నకూ మామయ్యకూ రోజూ ఒకరినొకరు ఏడిపించుకోకపోతే పొద్దుపోదు. "ఏవయ్యా బావమరిదీ, కుర్చీకి జీతమా నీకా?" అని నాన్న అంటే, "నువ్వు రాజేసే మంటకు లెక్క రాసేది నేనే బావా, కాస్త మర్యాదగా ఉండు" అని ఈయన. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తింటారు. ఒకరి డబ్బాలోది ఇంకొకరు తీసుకోవడానికి అడగరు.

ఆ మధ్య నాన్న తినేటప్పుడు ఒక మాట రెండు మూడుసార్లు అన్నాడు. ఆసుపత్రి వాళ్ళు మూటలు పెంచారు, బాయిలర్ మీద ఒత్తిడి పెరిగింది, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు రోజూ ఎర్రగీత దాటుతోంది అని.

"దాటితే సేఫ్టీ ఊదాలిగా?" అన్నాడు మామయ్య. సేఫ్టీ అంటే బాయిలర్ నెత్తిన ఉండే ఇత్తడి వాల్వు. లోపల ఆవిరి మితిమీరితే అదంతట అదే తెరుచుకుని, చెవులు చిల్లులు పడేలా కూస్తూ ఆవిరిని బయటికి వదలాలి. మా బాయిలర్‌కు అలాంటివి రెండు.

"ఊదడం లేదు. మేనేజరు గారు ముల్లే తప్పు చూపిస్తోందన్నారు. నిజమే అయ్యుంటుంది. సేఫ్టీలు రెండూ కొత్తవాయె. అయిదు నెలల కిందటేగా మార్చారు. నిజంగా ఒత్తిడి ఉంటే అవి ఊరుకుంటాయా?" అని నాన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మామయ్య కూడా తల ఊపాడు. నేనూ అక్కడే కూర్చుని మజ్జిగ తాగాను.

ఏడాదికోసారి లాండ్రీ నాలుగు రోజులు మూస్తారు. పనివాళ్ళందరికీ సెలవు. బయటి కాంట్రాక్టరు మనుషులు వచ్చి బాయిలర్ బాగుచేసి పోతారు. అయిదు నెలల కిందట అలా మూసినప్పుడు, నాన్న తిరిగి వచ్చేసరికి బాయిలర్ నెత్తిన వెండిరంగు తళతళలాడుతోంది. సేఫ్టీలకు సీసపు ముద్రలు వేసి, చెయ్యి పెట్టకూడదని చీటీ కట్టి ఉంది. కొత్తవి పెట్టించాం అన్నాడు మేనేజరు. నాన్న నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

ఒక రోజు ఉదయం మామయ్య నాకు ఒక అభ్యాసం ఇచ్చాడు. పాత ఓచర్ల కట్టలోంచి ఏదో ఒకటి తీసుకుని, దానికి జంటగా ఉండాల్సినవన్నీ ఎక్కడెక్కడున్నాయో పట్టుకోమన్నాడు. నేను కావాలనే సేఫ్టీల బిల్లు తీశాను. నాన్న వస్తువు కదా అని ముచ్చట. బిల్లు ఉంది. డబ్బు చెల్లించిన పద్దు ఉంది. ఇక పాతవి ఏమయ్యాయి? ఏడేళ్ళ కిందట మార్చినప్పుడు ఏం చేశారో వెతికితే, పాత వాల్వులు తూకానికి తుక్కు కొట్టుకు అమ్మిన పద్దూ, దాని వెనక కొట్టువాడి తూకం చీటీ, నూనె మరకతో సహా దొరికాయి. ఈసారి కూడా "పాత ఇత్తడి అమ్మకం, మూడు వేల రెండు వందలు" అని పద్దు ఉంది. మామయ్య రాతే. చీటీ లేదు. కట్ట మొత్తం రెండుసార్లు తిరగేశాను.

"మామయ్యా, ఈ తూకం చీటీ ఏది?"

ఆయన తలెత్తలేదు. "అది వదిలెయ్, ఇంకోటి తీసుకో."

"నువ్వేగా జంట లేకపోతే అబద్ధం అన్నావు?"

కలం పక్కన పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎంగిలి చేత్తో పట్టుబడ్డ చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించి చెప్పాడు. "సంవత్సరం లెక్కలు మూసేటప్పుడు చూసుకున్నానే. కొత్తవి వచ్చాయి, పాతవి అమ్మిన లెక్క రాలేదు. కాంట్రాక్టరు మనుషులు పాత ఇత్తడి పట్టుకుపోయి అమ్ముకుని ఉంటారనుకున్నాను. వాళ్ళకది మామూలే. మర్నాడే ఆడిటరు వస్తున్నాడు. పుస్తకంలో ఆ ఖాళీ కనపడుతుంటే నాకు నిద్ర పట్టలేదు. నా జేబులోంచి తీసి పెట్టెలో వేసి పద్దు రాశాను. ఎవరికీ పైసా నష్టం లేదు కదా."

చూశారా, దొంగలు పెట్టెలోంచి డబ్బు తీసి అబద్ధం రాస్తారు. మా మామయ్య సొంత డబ్బు పెట్టెలో వేసి అబద్ధం రాశాడు! నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

ఆయన నవ్వలేదు. నా చేతిలో ఉన్న బిల్లు వంకే చూస్తున్నాడు.

"పట్టుకుపోయారనే ఎందుకనుకున్నాను?" అన్నాడు, నాతో కాదు. "అసలు ఊడదీయకపోయినా అంతేగా. పాతవి అమ్మకానికి రావు."

ఇద్దరం పరుగున గేటు దగ్గరికి వెళ్ళాం. కాపలాదారు దగ్గర లోపలికి వచ్చే ప్రతి వస్తువూ రాసే పుస్తకం ఉంటుంది. ఆ నాలుగు రోజుల పేజీలు తిప్పాం. కాంట్రాక్టరు బండిలో వచ్చినవి: వెండిరంగు డబ్బాలు ఆరు, కుంచెలు, ఇనుప బ్రష్షులు, గరుకు కాగితాలు. అంతే.

"వాల్వులు రాలేదా తాతా? బరువైనవి, ఇత్తడివి?" అని అడిగాను.

"రంగు డబ్బాలే అమ్మా. నేనే దింపించాను" అన్నాడు ముసలాయన.

అంటే డబ్బు చెల్లించింది లేని వాల్వులకు. పైన ఉన్నవి ఏడేళ్ళనాటివే, రంగు పూసి ముద్ర వేసినవి. ముల్లు అబద్ధం చెప్పడం లేదు. నోరు పెగలక కూర్చున్నవి సేఫ్టీలు. వాటి కింద మా నాన్న.

"నేను మేనేజరు దగ్గరికి పోతాను, నువ్వు బావ దగ్గరికి పో" అన్నాడు మామయ్య.

షెడ్డులో నాన్న నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ముల్లు ఎర్రగీతకు వేలెడు అవతల ఉంది. నేను రొప్పుతూ అంతా చెప్పాను. ఆయన విన్నాడు, పక్కనున్న మెకానిక్‌ వైపు చూసి నవ్వాడు.

"రెండు నెలలు లెక్కలు నేర్చుకుని మీ మామకే తప్పులు పడుతున్నావా తల్లీ? పాతవి అమ్మిన పద్దు ఉందని మేనేజరు గారు నాకే చూపించారు. బీమా ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కొత్తవాటి బిల్లు, పాతవాటి అమ్మకం, రెండూ చూసే ఆయన సంతకం పెట్టాడు. మెట్లు కూడా ఎక్కలేదు. మీ మామ రాత అది! సూర్యుడు పడమర పొడిచినా ఆయన పద్దు తప్పదు."

"ఆ పద్దే అబద్ధం నాన్నా!"

"పోవే, పనుంది. ఆసుపత్రి బండి రెండింటికి వస్తుంది. ఊరికే మంట ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది."

కాళ్ళు పట్టుకున్నాను. విసుక్కుని లేపి, భుజం తట్టి పంపించేశాడు. నా జన్మలో ఎప్పుడూ అంత నిస్సహాయంగా ఏడవలేదు.

తిరిగి వచ్చేసరికి మామయ్య మేనేజరు గది బయట గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు" అన్నాడు. "కాంట్రాక్టరు మోసం చేసుంటే తనకేం తెలుసన్నాడు. పాతవి అమ్మినట్టు గుమాస్తా రాస్తే, కొత్తవి పెట్టారనే కదా ఎవరైనా అనుకుంటారన్నాడు. ఊడదీయని వస్తువు ఎలా అమ్మావో పోలీసులకు చెప్పుకో అన్నాడు. వచ్చే నెల నాలుగు రోజులు మూసి గుట్టుగా మార్పిస్తాడట. అప్పటిదాకా నోరు మెదపొద్దన్నాడు."

"వచ్చే నెలా!"

"నేను సాయంత్రంలోగా ఒక సవరణ పద్దు రాసి, బీమా వాళ్ళకు ఉత్తరం పెడతాను. ముందు పుస్తకం సరిచేసుకుంటే అప్పుడు ధైర్యంగా..."

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. మేనమామ అని చూడకుండా చొక్కా పట్టుకున్నాను. "నీ పుస్తకం తగలెయ్య! అక్కడ మనిషి ఉన్నాడు మామయ్యా. మా అమ్మకు నువ్వు సవరణ పద్దు చూపిస్తావా? నాన్న నా మాట నమ్మడు, మేనేజరు మాట నమ్ముతాడు, ముల్లు మాట కూడా నమ్మడు. నీ రాతనే నమ్ముతాడు. అది అబద్ధమని నువ్వొచ్చి చెప్పాలి. ఇప్పుడే."

ఆయన నా చేతులు విడిపించుకుని, కళ్ళజోడు సర్దుకుని నడిచాడు. ఇస్త్రీ గది మధ్యగుండా వెళ్ళాలి. "ఏంటి సరిపోయింది గారూ, ఈ వేళప్పుడు ఇటొచ్చారు?" అని ఎవరో ఆటపట్టించారు. రోలర్ల మధ్య తడి నేలమీద ఆయన చెప్పులు జారుతున్నాయి. ఒకసారి పడబోతే నేను మోచేయి పట్టుకున్నాను.

షెడ్డు తలుపు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళందరి ముందు మామయ్య గట్టిగా చెప్పాడు.

"బావా, పాత ఇత్తడి అమ్మలేదు. ఆ డబ్బు నాది. పద్దు నేను కల్పించి రాశాను. పైన ఉన్నవి పాతవే."

నాన్న ఆయన ముఖంలోకి చూశాడు. తరవాత ఒక్కమాట కూడా అడగకుండా వెళ్ళి మంట ఆపేశాడు. మెకానిక్‌ను అందర్నీ బయటికి తోలమని అరిచి, ఆవిరి వదిలే చక్రం రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు. అందరం వీధిలోకి పరుగెత్తాం. ఆయన లోపలే ఉన్నాడు. ఆ చక్రం ఒక్కసారిగా తిప్పకూడదట, మెల్లగా తిప్పాలట. వీధిలో నిలబడి నేను వేళ్ళు కొరుక్కున్నాను. మామయ్య నేలమీద చతికిలబడిపోయాడు. గంటకు పైగా గడిచాక నాన్న తలుపులోంచి బయటికి వచ్చాడు, చొక్కా అంతా తడిసి ఒంటికి అతుక్కుని.

మర్నాడు మధ్యాహ్నానికి బాయిలర్ చల్లారింది. మెకానిక్ సేఫ్టీలు ఊడదీసి కిందికి దించాడు. లోపల తెల్లగా సున్నం కట్టుకుపోయి, స్ప్రింగూ మూతా ఒకే ముద్దలా అయిపోయాయి. సుత్తితో కొట్టాడు. రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. కదల్లేదు. "ఇవి ఈ జన్మలో తెరుచుకునేవి కావు" అన్నాడు. రెండోది కూడా అంతే.

నాన్న మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది ఆయనకు వణుకు. మామయ్య వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. నాన్న ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు, కోపంగా కాదు, ఏదో వస్తువు పక్కకు పెట్టినట్టు.

"ముల్లు చెబుతూనే ఉందయ్యా" అన్నాడు. "రోజూ చెబుతూనే ఉంది. నువ్వు రాశావని నా కళ్ళను నేనే నమ్మలేదు. అయిదు నెలలు నీ రాత కింద నిలబడ్డాను."

మామయ్య ఏడ్చాడు. నాన్న ఓదార్చలేదు. ఆ తరవాత ఇద్దరూ ఒక బల్ల మీద అన్నం తిన్నది లేదు.

ఏమీ పేలలేదు, ఎవరూ చావలేదు. అందుకే ఎవరికీ పెద్దగా కోపం కూడా రాలేదు. మూడు వారాలు పని ఆగిపోయి జీతాలు పోయినందుకు మాత్రం ఇస్త్రీ గదిలో సగం మంది మామయ్యను తిట్టారు. చక్కగా నడుస్తున్నదాన్ని ఆపించాడన్నారు. కాంట్రాక్టరు ఊరు విడిచి పోయాడు. మేనేజరు కాగితాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి: బిల్లు ఉంది, ఇన్‌స్పెక్టరు సంతకం ఉంది. ఇన్‌స్పెక్టరు దగ్గర పద్దు నకలు ఉంది. ఆడిటరు దగ్గరా ఉంది. ప్రతివాడూ ఆ ఒక్క వరుస చూపించి, దీన్ని నమ్మాను, నా తప్పేముంది అన్నాడు. ఆ వరుసకు వెనక దాక్కోని మనిషి లేడు, రాసినవాడు తప్ప.

విచారణకు బీమా కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. మేనేజరు గదిలోనే కూర్చున్నారు. మేనేజరు వాళ్ళకు ఫ్యాను తిప్పి పెట్టాడు. మామయ్య ఒక మూల స్టూలు మీద ఉన్నాడు, గుండీలన్నీ పెట్టుకుని, శుభ్రంగా తల దువ్వుకుని. గేటు పుస్తకం గురించి నేను చెప్పబోతే, "అది తరవాత. అడిగినదానికే చెప్పండి" అన్నారు. తరవాత దాని గురించి ఎవరూ అడగలేదు.

చిట్టా నా ముందుకు తోసి, ఒక వరుస మీద వేలు పెట్టి, "ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టగలరా?" అన్నాడు పెద్దాయన.

నేను మామయ్య వైపు చూశాను. తెలియదని అనవచ్చు. రెండు నెలల కిందట చేరినదాన్ని, నాకెలా తెలుస్తుందని అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు నా ముఖం మసగ్గానే కనపడుతుంది. అయినా నా వైపే చూస్తూ, చెప్పు అన్నట్టు తల ఊపాడు.

"మా మామయ్యది" అన్నాను.

పెద్దాయన రాసుకున్నాడు.